కాపాయన గానోని ఎవుసం

మా ఊర్లె ఎవుసం చేసేటాయనను కాపాయన అంటరు. పొద్దుగాల ఎవలన్న "కాపాయన మోట కట్టిండా?" అని అడిగితే అది మా బాపు గురించి కాదు. మా బాపు నలభై ఏండ్లు నాగలి పట్టిండు. రెండెకరాల పది గుంటల భూమి, అండ్ల బావి కింద అర్ధెకరం మడి, మిగిలిందంత చెలక. దున్నిండు, ఇత్తనం ఏసిండు, కల్లం చేసిండు. కాపాయన చేసే పనులన్ని చేసిండు, కాపాయన చేసే అప్పులన్ని చేసిండు. అయినా చచ్చేదాక ఒక్కడు గూడ ఆయనను ఆ మాటతోని పిలువలేదు. ఎవుసం అనేది పని పేరు కాదు, కులం పేరు అని నాకు తెలిసింది గట్ల.

నన్ను బడిల షరీకు చేసిన రోజు సారు కులం అడుగలేదు, ఆయనకు ఎరుకే. "అయ్య ఏం జేస్తడు?" అని అడిగిండు. బాపు గడప అవతల నిలవడి "ఎవుసం సారూ" అన్నడు. సారు నవ్విండు. "ఎవుసమా? ఎవల పొలంల?" అన్నడు. "నా పొలంలనే సారూ" అని బాపు చెప్పేలోపల్నే రిజిస్టర్ల 'కూలి' అని రాసిండు. ఆ సంగతి నాకు శానా ఏండ్ల తర్వాత, హాస్టలు దరఖాస్తుకు కాగితాలు తీసుకునేటప్పుడు తెలిసింది. బాపుకు చెప్పలేదు. సారు చెడ్డోడు గూడ కాదు, నన్ను ఎన్నడూ కొట్టలేదు. ఆయనకు ఉన్న ఖానాలల్ల మాదిగోనికి ఒక్కటే ఖానా ఉండె, అండ్ల రాసిండు.

ఈ వ్యాసం ఆ సారు మీద కోపంతోని రాస్తలేను. తెలుగు సాహిత్యం గూడ గదే రిజిస్టరు నింపిందని చెప్పడానికి రాస్తున్న.

మన సాహిత్యంల రైతు ఉన్నడు, కూలి ఉన్నడు. రైతుకు కులం ఉండదు, భూమి ఉంటది, కరువొస్తది, షావుకారు ఉంటడు. కూలికి కులం ఉంటది, భూమి ఉండదు, దొర ఉంటడు. ఈ రెండింటి నడుమ రెండెకరాల మొరం గడ్డ మీద కొట్లాడే మాదిగాయన, మాలాయన ఏ ఖానలకు రాడు. ఇగ ఆయన పిలగాడు, బర్రె తాడు చేతికి సుట్టుకోని రెండో చేతిల పుస్తకం పట్టుకున్న పిలగాడు, అసలే రాడు.

1922ల వచ్చిన ఉన్నవ లక్ష్మీనారాయణ 'మాలపల్లి'ని మనం ఎట్ల చదివినమో చూడండి. అండ్ల రామదాసుకు ఎవుసం ఉన్నది. ఆ ఇంట్ల ఎడ్లు, పంట, అప్పు, కోర్టు అన్నీ ఎవుసదారు ఇంటి సంగతులే. కాని మన విమర్శకులు ఎక్కువ గుర్తు పెట్టుకున్నది చౌదరయ్య దగ్గర పాలేరుగ ఉన్న సంగదాసును, అతని చావును. చచ్చిపోయినంక అతని పేరుమీద సంగపీఠం లేచింది. మాలోడు ఎవుసదారుగ ఉన్న ఇల్లును పక్కకు పెట్టి, మాలోడు పాలేరుగ ఉన్న కొట్టంల కూసోని ఆ నవల చదివినం. నూరేండ్లు దాటింది, ఇంకా గదే చదువు.

మా తాలూకాల పుట్టిన పెద్దకవి సి. నారాయణరెడ్డి. హన్మాజీపేట ఆయన ఊరు. సిరిసిల్లల ఉర్దూ మీడియంల చదివిండు, తర్వాత యూనివర్సిటీల తెలుగు ఆచార్యుడైండు. 1988కి 'విశ్వంభర'కు జ్ఞానపీఠం వచ్చినప్పుడు మా జిల్లా అంత మురిసింది, నేను గూడ మురిసిన. ఆయనది గూడ ఎవుసం ఇల్లే. బడిల సార్లు మాకు ఆయన్ని చూపెట్టి "పల్లెటూరి రైతు బిడ్డ అంత పైకొచ్చిండు, మీకేం రోగం?" అంటుండ్రి. ఆయన కష్టాన్ని నేను చిన్నగ చేస్తలేను. కాని ఆ సార్లకు ఒక్క సంగతి సమజ్ కాలేదు. కాపాయన ఇంట్ల భూమి కొడుకును బడికి పంపిస్తది. మా ఇంట్ల భూమి కొడుకును బడిల నుంచి గుంజుకొస్తది. రెండిండ్లల్ల ఉన్నది భూమే, ఎవుసమే. పని మాత్రం ఉల్టా చేస్తది.

ఎట్ల గుంజుకొస్తదో చెప్త.

మాది లావణి పట్టా భూమి, సర్కారు ఇచ్చింది. మానేరుకు పోయే తొవ్వల, ఊరికి అవతల, మొరం గడ్డ. దున్నితే కర్రు మొన తిరుగుతది. మా తాత, బాపు రాళ్లేరి చుట్టూ గెట్టు పెట్టిండ్రు. ఆ గెట్టు ఇప్పటికీ నడుమెత్తు ఉంటది. చూసేటోళ్లు "ఎంత మంచిగ కట్టిండ్రు" అంటరు. అది మేం కట్టింది కాదు, భూమి లోపల నుంచి ఎల్లింది. నాలుగు నిలువుల బావి తవ్విండ్రు. బండ తగిలింది. బండ పలగ్గొట్టడానికి ఊర్లె ఒక పెద్ద కాపాయన దగ్గర బాపు అప్పు తెచ్చిండు. అప్పు తీరేదాక ఎకరం ఆయన చేసుకోవాలె, రెండేండ్లని మాట. మూడో ఏడు గూడ ఆయన జీతగాండ్లే వచ్చి దున్నిండ్రు.

పహాణీ సంగతి ఇప్పటి పిల్లలకు తెల్వకపోవచ్చు. పట్వారి దగ్గర ఉండేది. ఒక ఖానల పట్టాదారు పేరు, ఇంకో ఖానల కాస్తు చేసేటోని పేరు ఉంటది. పట్టా ఎవని పేరున ఉన్నా, ఏటేట కాస్తు ఖానల ఎవని పేరు ఎక్కుతదో భూమి మెల్లెగ వాని దిక్కు నడుస్తది. నిజాం రాజ్యంల ఆ కాగితాలు ఉర్దూల ఉండె. తర్వాత తెలుగులకు మారినయి. మా తాతకు ఉర్దూ రాదు, మా బాపుకు తెలుగు రాదు. భాష మారింది, మాకు కనపడే నల్ల గీతలు మారలేదు. అందుకనే చదువంటే మా బాపుకు ఒక్కటే అర్థం. "పహాణీ చదివేటంత వస్తె చాలురా, ఇగ మిమ్ముల పొలంల దించుత" అంటుండె. మా అన్నకు, నాకు అంతతోని సాలకపోయేది. గదే మా ఇంటి కొట్లాట.

అన్న నాకన్న మూడేండ్లు పెద్ద. నాకన్న తెలివైనోడు, ఇది తమ్ముడు మర్యాదకు చెప్పే మాట కాదు. ఊర్లె పెండ్లి పత్రికలు, షాపుల పొట్లం కట్టిన కాగితాలు, దొరికిందల్ల చదువుతుండె. కొట్టంల దూలానికి సంచి కట్టి అండ్ల కాగితాలు దాసుకునేటోడు. రాత్రి నీళ్లు కట్టపోయినప్పుడు మడి గట్టు మీద కందిలి పెట్టుకోని లెక్కలు చేసేటోడు. నీళ్లు మడి దాటిపోతే బాపు చేతిల దెబ్బలు. దెబ్బలు తిని మళ్ల కందిలి దగ్గరికే పోయేటోడు.

1978 సెప్టెంబర్ 7న జగిత్యాల జైత్రయాత్ర అయింది. కూలోళ్లు, పేదరైతులు వేలుగ నడిచిండ్రు. ఆ గాలి మా దిక్కు గూడ వచ్చింది. అక్టోబర్ల సర్కారు జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలని ప్రకటించింది. అప్పుడు నేను నాలుగో తరగతి, అన్న ఏడు. ఊర్లల్లకు పోలీసులు వచ్చిండ్రు, వాళ్లకన్న ముందుగాల సంఘం వచ్చింది. 'గ్రామాలకు తరలండి' అని పట్నాల నుంచి స్టూడెంట్లు వచ్చిండ్రు. మా వాడల కూసున్నరు, మా ఇంట్ల గటుక తాగిండ్రు. మా ఇంట్ల తాగిన మొదటి పై కులపోళ్లు వాళ్లే. అది నేను మర్చిపోను, మర్చిపోయినోడు మనిషి కాదు.

ఒకనాడు రాత్రి వాళ్లల్ల ఒకాయన మా అన్న చేతిల పుస్తకం చూసి, ఈ చదువులు బూర్జువా చదువులు, వీటితోని విముక్తి రాదు, నేను అందుకే విడిచిపెట్టి వచ్చిన అన్నడు. అన్న మెల్లెగ అడిగిండు: "అన్నా, నువ్వెంతదాక చదివినవే?" ఆయన "ఎమ్మెస్సీ" అన్నడు. "అయితే నేను గూడ ఎమ్మెస్సీ దాక చదివినంక ఇడిచిపెడ్త" అన్నడు మా అన్న. అందరు నవ్విండ్రు, ఆ ఎమ్మెస్సీ ఆయన గూడ నవ్విండు. అన్న నవ్వలే.

నేను తర్వాత వందల పేజీల విప్లవ సాహిత్య విమర్శ చదివిన. అన్న ఆ ఒక్క మాటల అడిగిన ప్రశ్న నాకు ఎక్కడా కనపడలేదు. వాళ్లు బడి విడిచి ఊరికి వస్తున్నరు, మేం ఊరు విడిచి బడికి పోవాలనుకుంటున్నం. తొవ్వ నడుమ ఎదురువడ్డం. విడిచిపెట్టాలంటే ముందుగాల చేతిల ఉండాలె గదా.

అయితే వాళ్లు రావడం వల్లనే మా భూమి మాకు వచ్చింది. తాలూకాఫీసు నుంచి పహాణీ నకలు తెప్పిచ్చింది వాళ్లే. చింతచెట్టు కింద పంచాయతి పెట్టిండ్రు. అంత మందిల బాపు లేచి "సదువురా" అన్నడు. అన్న చదివిండు. పట్టాదారు ఖానల బాపు పేరు ఉన్నది. కాస్తు ఖానల మూడేండ్ల సంది ఆ కాపాయన పేరే ఉన్నది. ఎకరానికి కాదు, మొత్తం రెండెకరాల పది గుంటలకు! మేం చెమటోడ్చి దున్నిన చెలక గూడ కాగితం మీద ఆయన దున్నుతున్నడు. పదమూడేండ్ల మాదిగ పిలగాడు నిలవడి సర్వే నంబరు తోని సహా గడగడ చదువుతుంటే ఊరు ఊరంత సప్పుడు చేయలే. బాపు ముఖం నేను అట్ల మళ్ల ఎన్నడూ చూడలే. అన్నం పెట్టిన చదువు అంటరు, మా ఇంట్ల చదువు భూమినే పెట్టింది.

ఎకరం వాపసొచ్చింది. తర్వాతి ఏడు కాస్తు ఖానల బాపు పేరు ఎక్కింది.

ఇగ కథ ఇక్కడ అయిపోవాలె. అల్లం రాజయ్య 'కొలిమంటుకున్నది' 1979ల వచ్చింది, మా కరీంనగర్ నేల మీది నవల. కాలేజిల ఉన్నప్పుడు చదివిన. మా భాష అచ్చుల చూసి నాకు కండ్ల నీళ్లు వచ్చినయి. చేతులు కట్టుకోని నిలవడ్డ మనిషి తలెత్తుడు ఎట్ల ఉంటదో ఆ సాహిత్యమే చూపెట్టింది. కాని ఉద్యమ కథలు శానామట్టుకు భూమి దొరికిన కాడనో, భూమి కోసం ప్రాణం పోయిన కాడనో ఆగుతయి. తెల్లారి ఆ ఇంట్ల ఏమైంది? ఎవలు దున్నిండ్రు? ఆ ప్రశ్నకు వాళ్ల దగ్గర కథ లేదు.

మా ఇంట్ల తెల్లారి ఏమైందంటే, అన్న బడి బంద్ అయింది.

వాపసొచ్చిన ఎకరం బీడు పెట్టరాదు, పెడితే మళ్ల పోతది. బాపు ఒక్కడు చేయలేడు. ఒక ఎద్దు మాది, ఇంకో ఎద్దు చిన్నాయినోళ్లది, వాళ్ల పొలం అయినంకనే మాకు వస్తది. మోట తోలేటందుకు ఒకడు, నీళ్లు కట్టేటందుకు ఒకడు కావాలె. అవ్వ కైకిలి పోతెనే ఇంట్ల గింజలు. ఎనకటి అప్పుకు తోడు నాగుకు తెచ్చిన ఇత్తనాలు. ఇద్దరు కొడుకులల్ల ఒకడు దిగాలె. నేను బక్కోన్ని, దమ్ము ఉండె. బాపు అన్న దిక్కు చూసిండు. "పహాణీ సదివినవు గదరా" అన్నడు. గంతే. ఏ పహాణీ చదివి భూమి తెచ్చిండో, ఆ భూమే అన్నను మింగింది. ఏడో తరగతి పరీక్ష గూడ రాయలే.

అన్న ఆ సంచి దూలం మీద నుంచి దించి నాకిచ్చిండు. నేను హాస్టలుకు పోయిన, ఆ తర్వాత కరీంనగర్ కాలేజి, యూనివర్సిటీ. లెక్చరరై రిటైరైన. నా చదువు గురించి ఎవలన్న మెచ్చుకుంటే నాకు ఆ సంచి కనపడ్తది.

ఓంప్రకాష్ వాల్మీకి 'జూఠన్'ల, 1997ల వచ్చింది, చదువు ఆగిపోయే కాలానికి ఇంట్ల వదిన తన వెండి పాయజేబు తీసిస్తది. అది చదివి నేను పుస్తకం మూసి బయటికి పోయిన. మా అవ్వకు గూడ వెండి కడియాలు ఉండె. అవి బడికి పోలేదు, బావికి పోయినయి. కరెంటు మోటరు కొన్నప్పుడు. వాల్మీకి ఇంట్ల కడియం ముందల ఒక్క ఆకలే ఉన్నది, చదువు ఆకలి. మా ఇంట్ల రెండు ఉన్నయి, రెండోది బావి. భూమి లేని దళితుని కష్టం వేరు, ఇంత భూమి ఉన్న దళితుని కష్టం వేరు. రెండోదాన్ని మనం అదృష్టం అనుకోని రాయకుంట వదిలిపెట్టినం.

ఇది మన దిక్కు చూపెట్టే వేలు. కారంచేడు 1985ల అయింది, చుండూరు 1991ల అయింది. ఆ నెత్తుటి నుంచి దళిత కవిత్వం లేచింది. 1995ల 'చిక్కనవుతున్న పాట' వచ్చినప్పుడు నేను క్లాసులు పక్కన పెట్టి పిల్లలకు అదే చదివిన. మన కవిత్వంల చెప్పు ఉన్నది, డప్పు ఉన్నది, చీపురు ఉన్నది, వెలివాడ ఉన్నది. నాగలి ఎంత ఉన్నది? మనం గూడ ఎవుసాన్ని కాపోళ్లకు అప్పజెప్పి 'కూలి' ఖానల సంతకం పెట్టినమా అని నా అనుమానం. దీనికి కోపానికొచ్చే మిత్రులున్నరు. రావాలె, మాట్లాడుకుందాం.

ఫూలే 1883ల రైతు కొరడా అని మరాఠీల పుస్తకం రాసిండు. శూద్ర రైతు అప్పుల, కాగితాల, కుల్‌కర్ణి రాతల మునుగుడుకు చదువు లేకపోవుడే మూలమన్నడు. పొలాన్ని, పలకను ఒక్క తాడుతోని కట్టింది ఆయనే. అంబేడ్కర్ 1928ల బొంబాయి శాసనమండలిల మహార్ వతన్ మీద బిల్లు పెట్టిండు. చాకిరికి బదులుగ ఇచ్చిన తుకడ భూమి మహార్ల మెడకు గుదిబండ అయిందని ఆయన వాదన. మాది చాకిరి ఇనాం కాదు, లావణి. అయినా గుదిబండ సంగతి నాకు సమజైంది. భూమి వద్దని ఆయన అనలే, నేను గూడ అంటలేను. ఏ భూమి, ఎంత, నీళ్లున్నయా, చేసేటందుకు మనుషులున్నరా, ఆ మనుషుల పిల్లలు బడికి పోతరా అని అడగాలె. 'దున్నేవానికే భూమి' అన్న నినాదంల దున్నేవాని వయసెంతో ఎవలు అడిగిండ్రు?

2011ల ఇంగ్లీషుల వై.బి. సత్యనారాయణ 'మై ఫాదర్ బాలయ్య' రాసిండు. మా జిల్లా వంగపల్లి నుంచి ఎల్లిన మాదిగ కుటుంబం కథ. తాతల కాలంల మెత్తటి తోలు చెప్పులు కుట్టి ఇస్తే నిజాం మెచ్చి యాభై ఎకరాలిచ్చిండు. మాదిగోనికి యాభై ఎకరాలా అని దొర గుంజుకొని రెండెకరాలు మిగిలిచ్చిండు. తర్వాత గత్తరల భార్యను పోగొట్టుకున్న నర్సయ్య చిన్న పిలగాన్ని తీసుకోని ఊరిడిచిండు. రైలుపట్టాల మీద పని దొరికింది. ఆ పిలగాడే బాలయ్య. రైల్వేల చిన్న నౌకరి చేసుకుంట ఊరూరికి బదిలైకుంట కొడుకులను చదివిచ్చిండు. రచయిత కెమిస్ట్రీ లెక్చరరైండు, ప్రిన్సిపాలైండు. మన నేల మీద చదువు ఆకలి మీద వచ్చిన పుస్తకాలల్ల నాకు ఇదే పెద్దది. బాలయ్య కొడుకులను పొద్దుగాల లేపి కూసోబెట్టుడు చదివితే ఆ రైల్వే క్వార్టర్ల దీపం మన కండ్ల ముంగట ఎలుగుతది. నెల కాంగనే జీతం వస్తది. వాన పడ్డా పడకున్నా వస్తది. ఆ జీతం ఆ ఇంటి బడిఫీజు. రైలు నౌకరి కొడుకును సాయంత్రం పొలానికి రమ్మని పిలువదు.

ఈ పుస్తకాన్ని తెలుగుల మా అన్నకు ఇచ్చిన. అన్న కథ మధ్యల విడిచిపెట్టిన, చెప్త. మోటరు పెట్టినంక నీళ్లు ఇంకినయి. తర్వాత మూడు బోర్లు ఏసిండు, రెండు తుస్సుమన్నయి. ఆ అప్పుకు దుబాయి పోయిండు. ఆరేండ్లు ఇసుక మీద ఇటుక మోసి, అప్పు తీర్చి, వాపసొచ్చి మళ్ల అదే మొరం గడ్డ దున్నిండు. బాపు పోయినంక విరాసత్‌ల నా వంతు గూడ అన్న పేరుమీదనే రాయించిన. దీన్ని త్యాగం అనకండి, బాకీ అది. 2018 మేల రైతుబంధు చెక్కులిచ్చినప్పుడు ఎకరానికి నాలుగు వేల లెక్కన తొమ్మిది వేలు వచ్చినయి. ఆ రోజు ఫోన్ చేసి, "తమ్మీ, మైకుల పేరు పిలిచి రైతు అన్నరు. బాపు ఉంటె బాగుండు" అన్నడు. నేను సారు రిజిస్టరు సంగతి అప్పుడు చెప్పిన. శానాసేపు సప్పుడు లేదు. "ఎకరానికి ఎన్ని సంచులైనయో సారుకు ఎరుక లేదు గదా" అన్నడు.

బాలయ్య పుస్తకం పది రోజులల్ల చదివిండు. మెచ్చుకుంటడనుకున్న. "మంచిగుంది" అని, ఒక్కటే అడిగిండు. "వాళ్లు ఊరిడిచిపోయిండ్రు, సదువుకున్నరు. మరి దొర మిగిల్చిన ఆ రెండెకరాలు తర్వాత ఎవలు దున్నిండ్రు తమ్మీ? వాళ్ల పిలగాండ్లు ఏమైండ్రు?"

నా దగ్గర జవాబు లేదు. అది ఆ పుస్తకం తప్పు గూడ కాదు. ఎల్లిపోయినాయన ఎల్లిపోయిన తొవ్వ రాసిండు, రాయాలె. మిగిలిపోయినోని కథ మిగిలిపోయినోడే రాయాలె. ముప్ఫై ఏండ్లు విమర్శ రాసిన నేను గూడ ఎల్లిపోయినోన్నే.

నూరు పేజీల నోటుబుక్కు, రెండు పెన్నులు కొనిచ్చి వచ్చిన. మొన్న పండుగకు పోతే పదకొండు పేజీలైనయన్నడు. ఏం రాసినవే, సూపియ్యవే అంటే పెట్టెల పెట్టి తాళం ఏసిండు.

"వద్దు. నువ్వు దిద్దుతవ్" అన్నడు.